వియ్యంకులిద్దరికీ రాజధాని గొడవ, మళ్ళీ మాట్లాడించడం ఎలా?

సీమ_అల్లుడు

అందరికీ నమస్తే, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది కర్నూలు పక్కన పల్లె, మా ఆవిడది తుళ్ళూరు మండలం, అదే అమరావతి రాజధాని ఊళ్ళుండే వైపు, ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు. పెళ్ళయిన కొత్తలో మా నాయనకీ మామయ్యకీ భలే కుదిరింది, ఇద్దరూ సేద్యం చేసినోళ్ళే కదా, కలిస్తే చాలు కూలి రేట్లు, మందులు, మిర్చి ధర, బోర్లు ఎంత లోతుకి పోయినయ్, ఇవే మాటలు, పక్కన మేమున్నామన్న ధ్యాసే ఉండేది కాదు. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల (అమరావతి, విశాఖ, కర్నూలు) మాట వచ్చినప్పటి నుంచి అంతా పాడైపోయింది. మొదట్లో ఫోన్‌లో చిన్న చిన్న ఎత్తిపొడుపులు, తర్వాత ఒకసారి మా ఇంట్లో భోజనాల దగ్గర మా నాయన "మీ ఇరవై తొమ్మిది ఊళ్ళ కోసం రాష్ట్రమంతా అప్పులు కట్టాల్నా" అన్నాడు, మామయ్య "మేమేమన్నా వచ్చి అడిగామా బావగారూ, ప్రభుత్వం వచ్చి మమ్మల్నడిగింది" అన్నాడు, ఆ మీద మా నాయన "అమరావతి అంటే ఒక్క కులం" అని వాళ్ళ కులం గురించి ఒక మాట అనేశాడు. మామయ్య ఇంకేం మాట్లాడకుండా సగం అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు.

2024 రిజల్ట్ రోజు అమరావతే రాజధాని అన్న కూటమికి 164 సీట్లు వచ్చాయి కదా, ఆ రోజు మా బావమరిది ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మీమ్ పెట్టాడు, మా నాయన గ్రూప్‌లోంచి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. వచ్చే నెల పాపకి పుట్టెంట్రుకలు, రెండు కుటుంబాలూ రెండ్రోజులు ఒకే ఇంట్లో ఉండాలి. మా ఆవిడ ఇప్పటి నుంచే భయపడుతోంది.

అసలు పాలిటిక్స్ ఎత్తొద్దని ముందే ఇద్దరికీ చెప్పాలా, లేక కూర్చోబెట్టి మాట్లాడించాలా? నాకైతే ఇద్దరి మాటలోనూ నిజం ఉందనిపిస్తుంది, అదే చెప్తే ఇద్దరూ నా మీదకే వస్తారు. ఇట్లాంటి పరిస్థితి దాటినోళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

---

నెల్లూరు_పిల్లోడు

బ్రో మా ఇంట్లో ఒకటే రూల్, అన్నం దగ్గర పార్టీల పేర్లు ఎత్తకూడదు. టీవీ కూడా ఆఫ్. మా అమ్మ పెట్టింది, అందరం పాటిస్తాం. ఫంక్షన్ రెండ్రోజులే కదా, గడిపేయండి, పెద్దోళ్ళని ఈ వయసులో మార్చలేం.

---

కృష్ణ_ఒడ్డు

అన్నయ్యా, మాది కూడా ఆ 29 ఊళ్ళలో ఒకటి, అందుకే రాస్తున్నా. పైన తమ్ముడు చెప్పిన రూల్ రెండ్రోజులకి పని చేస్తుంది, కాదనను. కానీ మీ మామయ్య గారి లోపల ఉన్నది దాంతో పోదు, ఎందుకంటే ఆయనకి ఇది టీవీలో చూసే పాలిటిక్స్ కాదు, సొంత పొలం సంగతి.

బయట చాలామంది "ఎకరం కోట్లు పలికింది, మీకేం తక్కువ" అంటారు. రాజధాని కోసం ప్రభుత్వం మా పొలాలు తీసుకున్న పూలింగ్‌లో మాకు పొలం రేటు కట్టి డబ్బులిచ్చింది లేదు. ఎకరం మెట్ట ఇస్తే 1000 గజాల ఇళ్ళ స్థలం, 250 గజాల కమర్షియల్ ప్లాట్ ఇస్తామన్నారు, జరీబు, అంటే ఏటి పక్కన నీళ్ళుండే పొలం అయితే కమర్షియల్ 450 గజాలు. పదేళ్ళ పాటు ఏటా కౌలు, మెట్టకి 30 వేలు, జరీబుకి 50 వేలు మొదలుపెట్టి ఏడాదికింత పెంచుతూ. ఇదంతా 9.14 అనే అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది. మా నాన్న ఆ కాగితాన్ని పాస్‌బుక్కులుండే ట్రంకు పెట్టెలో ప్లాస్టిక్ కవర్ చుట్టి పెట్టాడు, ఎవరైనా ఇంటికొచ్చి ఈ టాపిక్ ఎత్తితే లోపలికెళ్ళి తెచ్చి చూపిస్తాడు, వేలితో ఒక్కో లైన్ మీద కొడుతూ చదివి వినిపిస్తాడు. లాటరీలో ప్లాట్ నంబర్ వచ్చింది. నంబరైతే ఉంది, ఆ ప్లాట్ ఎక్కడా అని చూడ్డానికి వెళ్తే రోడ్డు లేదు, హద్దు రాయి లేదు, మనిషెత్తు కంప చెట్లు. అదే నేలలో అరటి, పసుపు, పూలు తీసినవాళ్ళం, ఏడాదిలో ఏ రోజూ ఖాళీ ఉండేది కాదు. హైకోర్టు 2022 మార్చి 3న తీర్పిచ్చి మూడు నెలల్లో ప్లాట్లు డెవలప్ చేసి ఇవ్వమంటే అదే ఏడు నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆ గడువుల మీద స్టే ఇచ్చింది. ఆ టైంలో ఊళ్ళో ఆడవాళ్ళం శిబిరాల్లో కూర్చునేవాళ్ళం, నాలుగేళ్ళ పైన నడిచింది ఆ ఉద్యమం, మా అత్తయ్య మోకాళ్ళ నొప్పులతో కూడా రోజూ వచ్చేది.

కాబట్టి నా సలహా ఏంటంటే, రాజధాని ఎక్కడుండాలి అనే ప్రశ్నతో అసలు మొదలుపెట్టొద్దు. దానికి ఇద్దరి దగ్గరా జవాబు రెడీగా ఉంది, చెప్పి చెప్పి అరిగిపోయింది. మీ నాన్నగారి చేత ఒక్క మాట అడిగించండి, "బావగారూ, మీకు ఆ కాగితంలో ఏం రాసిచ్చారు?" అని. మీ మామయ్య చెప్పుకుంటూ పోతారు చూడండి. అది కూడా నలుగురి ముందు వద్దు, బంధువులుంటే ఇద్దరూ గెలవాలని చూస్తారు. పొద్దున్నే కాఫీ టైంలో, ఇద్దరే ఉన్నప్పుడు.

---

తుంగభద్ర_నీళ్ళు

అన్నా నేను నంద్యాలోన్ని. పైన అక్క రాసింది మొత్తం చదివినా, నిజం చెప్తాండా, 9.14 కాగితం సంగతి నాకు ఇంత వివరంగా ఎవరూ చెప్పలే, మా ఇంటికొచ్చే పేపర్‌లో ఆ వైపు ఎప్పుడూ రాలేదు.

ఇప్పుడు మీ నాయన వైపు చెప్తా. కర్నూలోళ్ళకి రాజధాని అంటే 2019లో కొత్తగా పుట్టిన ఆశ అనుకుంటారు బయటోళ్ళు. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారింట్లో, ఆ ఇంటి పేరు శ్రీబాగ్, కోస్తా పెద్దలూ సీమ పెద్దలూ కూర్చుని రాసుకున్నారు. రాజధాని, హైకోర్టు ఒక్కచోటే ఉండకూడదు, ఒకటి కోస్తాలో ఒకటి సీమలో, ఏది కావాలో ఎంచుకునేది సీమ. ఇంకోటి, తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్ళు వాడుకోవడంలో పదేళ్ళు సీమకీ నెల్లూరుకీ మొదటి ప్రాధాన్యం. ఆ నమ్మకంతోనే సీమోళ్ళు ఆంధ్ర రాష్ట్రానికి ఒప్పుకున్నారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది, ఆఫీసులు గుడారాల్లో పెట్టుకుని నడిపినారు, హైకోర్టు గుంటూరుకిచ్చినారు. మూడేళ్ళు తిరిగేసరికి 1956 నవంబర్‌లో రెండూ హైదరాబాద్ పోయినాయి. మా అబ్బ ఉన్నన్నాళ్ళూ కర్నూలు పోతే చాలు ఇదుగో ఇక్కడ సెక్రటేరియట్ ఉండె, ఇక్కడ ఫలానా ఆఫీసు ఉండె అని చెయ్యి చూపించేటోడు, అక్కడ చూస్తే ఏముంటాది, షాపులు. తర్వాత శ్రీశైలం డ్యాం కట్టినారు, ముంపులో పోయిన ఊళ్ళు మావి, పాలమూరోళ్ళవి. 2014లో రాష్ట్రం చీలినప్పుడు మళ్ళీ మాకు వస్తాదేమో అనుకున్న్యారు మా పెద్దోళ్ళు, అప్పుడూ రాలే. కాబట్టి 2019లో న్యాయ రాజధాని కర్నూలు అన్నప్పుడు మీ నాయనకి ఎట్లుంటాదో ఆలోచించండి. అరవై ఏళ్ళ కింద పోయింది తిరిగొస్తాందనుకున్న్యాడు.

నాకైతే ఇద్దరి బాధా ఒకటే అనిపిస్తాంది. పైనోళ్ళు కాగితం మీద రాసిచ్చినారు, వీళ్ళు నమ్మినారు, పైన మనుషులు మారినాక ఆ కాగితానికి విలువ లేకుండా పోయింది. తుళ్ళూరులో అది 9.14, మా దగ్గర శ్రీబాగ్. మీ మామ ఆ కాగితం తీసి చూపిస్తే మీ నాయనకి అర్థమవుతాది, ఎందుకంటే అదే దెబ్బ ఆయన వాళ్ళ నాయన తిన్నాడు. ఇద్దరిలో ఎవరూ రాజధాని మీద మనసు మార్చుకోనక్కర్లేదు. నేనూ మార్చుకోలే, హైకోర్టు కర్నూల్లో ఉండాల్సిందే అంటా ఇప్పటికీ. కానీ కృష్ణ_ఒడ్డు అక్కా, మీ ప్లాట్లు మీకు ఇచ్చి తీరాల, అందులో రెండో మాట లేదు.

---

కృష్ణ_ఒడ్డు

తమ్ముడూ, శ్రీబాగ్ పేరు విన్నాను కానీ నీళ్ళ మాట కూడా అందులో ఉందని తెలీదు. నేనూ రాజధాని ఒక్కచోటే ఉండాలంటాను, అది నువ్వు ఒప్పుకోవు, సరే. కర్నూల్లో హైకోర్టు బెంచ్ పెట్టాలని 2024 నవంబర్‌లో అసెంబ్లీ తీర్మానం చేసింది కదా, అది తీర్మానం దగ్గరే ఆగిపోకూడదని మీతో పాటు నేనూ అడుగుతాను. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

---

ఓరుగల్లు_మాట

ఇది మీ ఆంధ్ర ముచ్చట, మధ్యల వస్తున్నందుకు ఏమనుకోకుండ్రి. కాగితం మీది మాట అంటే మాకు ఆంధ్ర, తెలంగాణ కలిసేముందు రెండు దిక్కుల నాయకులు రాసుకున్న 1956 ఫిబ్రవరి 20 పెద్దమనుషుల ఒప్పందం యాదికొస్తది. ముఖ్యమంత్రి ఆ దిక్కు అయితే ఉప ముఖ్యమంత్రి ఈ దిక్కు ఉండాలె అని రాసుకున్నరు, మొదటి కేబినెట్‌లనే ఆ పోస్టు లేకుంట పోయింది. మా బాపు 1969ల స్టూడెంట్, తెలంగాణ ఉద్యమంల తిరిగిండు. అప్పట్ల ఆంధ్ర దోస్తులు మాకేం చేసిన్రు అని వాదించకుండ "ఏం రాసుకున్నరు, ఏం జరిగింది" అని అడిగినోడు ఒక్కడున్నడు, గుంటూరాయన, ఇప్పటికీ ఇద్దరికీ ఫోన్లు నడుస్తయి. రాష్ట్రం వేరైంది, దోస్తీ కాలే. మీ ఇద్దరు పెద్దమనుషులు కూడ కలుస్తరు, నాకు నమ్మకముంది.

---

సీమ_అల్లుడు

ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. తుంగభద్ర అన్నా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇదంతా మామయ్యగారు మాకెప్పుడూ చెప్పలేదే" అంది. మా నాయన నిజంగా చెప్పలేదు, ఆయనెప్పుడూ అప్పులు, ఖర్చులు, ఫలానా పార్టీ అనే మాట్లాడతాడు, కర్నూలు పోగొట్టుకున్నదాని గురించి నోరెత్తడు.

కానీ నా అసలు భయం ఆ కులం మాట. మామయ్య దాన్ని మర్చిపోలేదు. మా నాయన తప్పు ఒప్పుకునే రకం కాదు. దాన్నెలా దాటాలి?

---

పల్లె_బిడ్డ

నేను చెప్పొచ్చా. మాది కూడా రాజధాని ఊరే, మాకు పొలం లేదు, మా అమ్మానాన్న కూలికెళ్ళేవాళ్ళు. ఈ త్రెడ్‌లో ఇప్పటిదాకా అంతా భూమి ఉన్నవాళ్ళ మాటే నడిచింది, అది తప్పని కాదు కానీ మా సంగతి కూడా ఒకసారి వినండి. పూలింగ్‌కి ముందు మా ఊళ్ళో ఏడాదంతా పని దొరికేది, పూలు కోయడం, అరటి గెలలు మోయడం, పసుపు తవ్వడం. పొలాలు పోయాక పని పోయింది. భూమి లేని కుటుంబానికి నెలకి 2500 పెన్షన్ అన్నారు. రెండు చేతులా పని చేసే ఇద్దరు మనుషులున్న ఇంటికి నెలకి 2500. అసైన్డ్ భూములు, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన భూములున్న మా చుట్టాలకి పట్టా భూములవాళ్ళకన్నా తక్కువ ప్లాట్లు ప్యాకేజీలో రాశారు, కొంతమంది భయపడి ముందే తక్కువకి అమ్మేసుకున్నారు.

అన్నా, "అమరావతి అంటే ఒక్క కులం" అని మీ నాన్నగారు అన్న మాట మీ మామయ్యని ఎంత పొడిచిందో, అంతకన్నా ఎక్కువ మమ్మల్ని లేకుండా చేసింది. ఆ ఊళ్ళలో మా దళిత పల్లెలున్నాయి, శిబిరాల్లో మావాళ్ళూ కూర్చున్నారు. మీ నాన్నగారికి ఇది చెప్పండి, మందలించినట్టు కాకుండా, ఆ ఊళ్ళలో ఎవరెవరు ఉంటారో ఆయనకి తెలీకపోవచ్చు కాబట్టి తెలియజెయ్యండి. సారీ చెప్పమని మాత్రం బలవంతం పెట్టకండి, పెద్దవాళ్ళు నోటితో చెప్పరు. మీ మామయ్యగారి ఊరు వెళ్ళి మా వాడల్లో కూడా ఒకసారి నడిస్తే ఆ మాట మళ్ళీ ఆయనే అనరు. ఇంకో మాట, మీ మామయ్యగారిని కూడా అడగండి, ఆయన పొలంలో పని చేసినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారో. ఆయనకి తెలిసి ఉంటే మంచిదే.

---

కృష్ణ_ఒడ్డు

చెల్లీ, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా పొలంలో పనికొచ్చిన వాళ్ళు ఇప్పుడు ఆటోల్లో పొద్దున్నే వేరే మండలాలకి మిరప కోతలకి వెళ్తున్నారు. మేము శిబిరంలో మా ప్లాట్ల గురించి ఎక్కువ మాట్లాడాం, పెన్షన్ సరిపోదన్న మాట అంత గట్టిగా వినపడలేదు.

---

ఉద్దానం

మాది పలాస దగ్గర. రాజధాని విశాఖ అన్నప్పుడు మాకేదో ఒరిగిపోతుందని కొందరన్నారు, అమరావతి అన్నప్పుడు ఇంకొందరన్నారు, మా ఊళ్ళో జనం మాత్రం కిడ్నీల రిపోర్టు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక పార్టీ ఆయన "ఆర్‌ఓ ప్లాంట్లు మేం పెట్టాం" అంటాడు, ఇంకో పార్టీ ఆయన "పలాసలో కిడ్నీ హాస్పిటల్ మేం కట్టాం, 2023 డిసెంబర్‌లో మొదలైంది, పైపుల్లో నీళ్ళు మేం తెచ్చాం" అంటాడు. రెండూ జరిగినవే. మా పెదనాన్నా, ఎదురింటాయనా చెరో పార్టీ, ఎలక్షన్ టైంలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు, కానీ డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు ఒకే ఆటోలో వెళ్ళాలి. ఆటోలో వాళ్ళ మాటలు వింటే ఆశ్చర్యం వేస్తుంది, ఏ మెషీన్ పని చేస్తోంది, ఏ నర్సు సూది బాగా గుచ్చుతుంది, ఇంజెక్షన్ బయట కొనమంటున్నారా లోపలే ఇస్తున్నారా, అన్నిట్లో ఒకే మాట. పోయినసారి ఇంజెక్షన్లు లేవంటే ఇద్దరూ కలిసే వెళ్ళి పెద్ద డాక్టర్‌ని అడిగారు. అక్కడ నువ్వే పార్టీ అని ఎవరూ అడగలేదు.

మీ వియ్యంకులిద్దరికీ కలిపి చేసే పని ఏదైనా ఒకటి దొరికితే బాగుంటుంది, ఉత్తినే కూర్చోబెట్టి మాట్లాడమంటే కష్టం.

---

నెల్లూరు_పిల్లోడు

నేను మొదట్లో రూల్ పెట్టమన్నాను కదా, ఇవన్నీ చదివాక ఒకటి అడుగుతా, మరి మాట్లాడుతుంటే మళ్ళీ గొడవైతే? ఎవరో ఒకరు ఆపాలి కదా.

---

తుంగభద్ర_నీళ్ళు

ఆపాల్సొస్తే ఆపండి, కానీ "ఇంక చాలు" అని ఆపితే ఇద్దరూ అవమానంగా ఫీలవుతారు. "నాయనా ఆ 9.14లో ఇంకేం రాసుంటాదో అడుగు" అని మళ్ళీ కాగితం దగ్గరికి తీసుకురండి. పార్టీ పేరొచ్చిన ప్రతిసారీ కాగితం దగ్గరికే రావాల. పార్టీ మీద వాదన ఎప్పటికీ తెగదు, కాగితంలో ఉండేదైతే చదివితే తెలిసిపోతాది. ఇంకొకటి, ఇద్దరి ఇళ్ళకీ వేరే వేరే పేపర్లు వస్తాయి కదా, ఆ రెండ్రోజులు రెండూ తెప్పించండి. ఒకే వార్త రెండింట్లో ఎట్లా రాసినారో పక్కపక్కన పెట్టుకుని చూడనీయండి, మా ఇంట్లో నేనట్లా మొదలుపెట్టినాక మా చిన్నాయన అరవడం బాగా తగ్గింది, ఇప్పుడు ఆయనే రెండు పేపర్లూ అడుగుతాడు.

---

సీమ_అల్లుడు

ఫంక్షన్‌కి ముందే నిన్న రాత్రి మా నాయనకి ఫోన్ చేసి శ్రీబాగ్ గురించి అడిగాను. అంతసేపు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు నాతో. గుడారాల సంగతి, వాళ్ళ నాయన ఒకసారి ప్రకాశం పంతులు గారిని చూడ్డానికి బండి కట్టుకుని కర్నూలు పోయింది, అన్నీ చెప్పాడు. చివర్లో నేను "మామయ్య వాళ్ళకి కూడా ఒక కాగితం ఉందంట నాయనా" అన్నాను. కాసేపు ఏం అనలేదు. తర్వాత "ఏం రాసిచ్చినారంటా?" అన్నాడు. నాకు తెలుసు కానీ నేను చెప్పలేదు, నువ్వే అడుగు అన్నాను. అడుగుతాననలేదు, అడగననీ అనలేదు.

మామయ్యకి మా ఆవిడ చెప్పింది, పుట్టెంట్రుకలకి వచ్చేటప్పుడు ఆ అగ్రిమెంట్ జిరాక్స్ తెమ్మని. ఎందుకూ అంటే మీ అల్లుడు చదవాలంటున్నాడు అందంట. శ్రీబాగ్ ఒప్పందం తెలుగులో పూర్తిగా ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ప్రింట్ తీసి పెట్టుకుంటాను.

---

తుంగభద్ర_నీళ్ళు

నా దగ్గర ఉంది అన్నా, పెద్దగా ఏం ఉండదు, చిన్న కాగితమే. స్కాన్ చేసి మెసేజ్‌లో పంపిస్తా. అక్షరాలు పెద్దగా ప్రింట్ తీయించు, పెద్దోళ్ళు అద్దాలు లేకుండా చదివేటట్టు. పల్లె_బిడ్డ చెప్పిన ఆ పెన్షన్ సంగతి, అసైన్డ్ భూముల సంగతి కూడా ఒక పేపర్ మీద రాసి వాటితోనే పెట్టు, అది మర్చిపోవద్దు.